మంచం మధ్యన

డిపో లాటరీలో నా టికెట్టుకు తగిలింది:
"ఇద్దరికి, పల్లెకుటీరంలో మూడు రాత్రులు."
కార్డు మీద గులాబీలు, రెండు గ్లాసులు,
ఎవరివో నున్నటి చేతులు.
లోర్నా కళ్లజోడు పైకి తోసి చదివి
"ఇద్దరమూ ఒకేసారి వెళ్లాలా?" అంది.
నవ్వులాటకు కాదు.

పదకొండేళ్లుగా నాది రాత్రి బస్సు,
ఆమెది ఆసుపత్రి లాండ్రీ, పగలు.
నేను తాళం తీసే వేళకు
ఆమె బూట్ల లేసులు కడుతుంటుంది.
గుమ్మంలో ఒక ముద్దు, టీ వాసనతో.
బిల్లులూ, బాయిలరూ, కూతురి సంగతులూ
ఫ్రిజ్ మీద అంటించిన చీటీల్లో.
ఆమె వదిలిన వెచ్చదనంలోకి నేను దూరతాను,
నేను వదిలిన పల్లంలోకి రాత్రికి ఆమె.
మా పరుపు మధ్యలో ఒకటే గుంట.
ఇద్దరం కలిసి తవ్విందే,
ఒకరికొకరం ఎదురుపడకుండా.

యార్క్‌షైర్ కొండల్లో అక్టోబరు.
రాయి మీద రాయి పేర్చిన గోడలు,
నడుమ సున్నం చుక్కయినా లేదు,
బరువొక్కటే వాటిని పట్టుకుని ఉంది.
తడిసిన గొర్రెల నడుముల మీద నీలం రంగు.
తాళంచెవి పూలకుండీ కింద,
బల్ల మీద మిసెస్ థ్వెయిట్ చీటీ:
"పాలు గడప దగ్గర. గుడ్లు ఈ పొద్దుటివి.
పొయ్యి తలుపు బిగుసుకుంటుంది, మోకాలితో ఒక్కటివ్వండి.
గేటు వేయడం మరవకండి,
మా పొట్టేలు మర్యాదస్థుడు కాదు."
చీటీలు చదవడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు.
ఆ ఒక్క పనీ హాయిగా చేశాం.

తర్వాత ఏం చేయాలో తెలియలేదు.
పొయ్యి పొగ కక్కింది. కిటికీ తెరిస్తే వాన.
ఆమె జుట్టు పైకి ముడేసుకుంటుంటే
మెడ వెనక పుట్టుమచ్చ కనిపించింది.
"ఇదెప్పటిది?"
"నీకంటే ముందుది."

రాత్రి మంచం దగ్గర మొదలయ్యాయి మర్యాదలు.
"నీది ఏ పక్క?"
"నీదేది?"
పక్కలంటూ ఇద్దరికీ లేవు. ఇద్దరిదీ మధ్యే.
అలవాటు కొద్దీ దుప్పటి మూలలు
ఆసుపత్రి మడతల్లో బిగించేసింది,
కాళ్లు దూర్చడానికి నాకు కుస్తీ అయింది.
రైల్లో పరిచయం లేని ప్రయాణికుల్లా
చెరో అంచునా, మోచేతులు దగ్గర పెట్టుకుని.
ఏ జామునో దుప్పటి లాక్కుంది. ఊరుకున్నాను.
తెలివొచ్చి, వెంటనే తిరిగిచ్చేసింది.
అదే ఎక్కువ గుచ్చుకుంది.

రెండున్నర. నా ఒంటికి ఇది పని వేళ.
బయట ఒక్క వీధిదీపం లేదు.
ఒక గుడ్లగూబ అడుగుతోంది,
చాలాసేపటికి ఇంకొకటి జవాబిస్తోంది.
"మేలుకునే ఉన్నావా?"
"నువ్వు బ్రేకు వేస్తున్నది నా పాదం మీద."
కాసేపాగి,
"ఈపాటికి ఎక్కడుండేవాడివి?" అంది.
పదకొండేళ్లలో ఎవరూ అడగలేదది.

చెప్పాను.
టానర్స్ బ్రిడ్జ్ దాటి ఎడమకు.
చేపల వేపుళ్ల కొట్టు, తలుపులు మూస్తారు గానీ
నూనె వాసన మూయలేరు.
క్రాపర్ లేన్లో బేకరీ కుర్రాడు ఎక్కుతాడు,
చిల్లర ఎప్పుడూ రెండు పెన్నీలు తక్కువ.
చర్చి మూల. అక్కడెవరూ ఎక్కరు, అయినా ఆపుతాను,
మేడ కిటికీలో ఒక ముసలాయన చెయ్యూపుతాడు.
ఆ తర్వాత మన వీధి చివర.
"మన వీధా?"
"రోజూ. మూడుకి ఐదు నిమిషాల ముందు.
అక్కడ గేరు తగ్గిస్తాను,
నీ నిద్ర చెడకుండా."

చాలాసేపు మాట్లాడలేదు.
గుడ్లగూబలూ మాట్లాడలేదు.
చీకట్లోంచి ఆమె చెయ్యి వచ్చి
నా భుజాన్ని, బస్సు ఆపమని బెల్లు నొక్కినట్టు,
ఒక్కసారి నొక్కింది.
"ఇక్కడ దిగుతాను," అంది.
జరిగింది. జరిగాను.
కొత్త పరుపు. దానికింకా గుంట పడలేదు.

తలుపు బాదిన చప్పుడుకి లేచేసరికి పదీ ఇరవై.
గేటు బార్లా తెరిచి ఉంది.
పొట్టేలు మిసెస్ థ్వెయిట్ క్యాబేజీ మడిలో
ఆఖరి వరసలో ఉన్నాడు.
ఒకే దుప్పటి చుట్టుకుని గుమ్మంలో నిలబడి
తిట్లు తిన్నాం,
ఇద్దరమూ ఒకేసారి.